మూడు గడియారాల తలుపు

అక్క కోటు కొక్కేనికి వేలాడుతోంది.

డెల్మార్ ఓస్‌గార్డ్ దాని ముందు నిలబడిపోయాడు. కోటు కింద బూట్లు, బూట్లలో ముడిచిపెట్టిన ఉన్ని మేజోళ్లు, జేబులో చేతి తొడుగులు, కారు తాళాలు. బయట సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీలు దిగువన ఉంది. లండీన్ కౌంటీలో పుట్టినవాళ్లెవరూ జనవరిలో కోటు లేకుండా చెత్తడబ్బా దాకా కూడా వెళ్లరు. అరవై ఆరేళ్ల ఆర్డిస్ అసలే వెళ్లదు.

మంగళవారం ఉదయం తొమ్మిదీ పది. ఆర్డిస్ కనబడకుండా పోయి పదిహేను గంటలు దాటింది.

ఇరవై రెండేళ్లుగా ప్రతి సోమవారమూ సాయంత్రం ఆరింటికి ఆమె తమ్ముడింటికి భోజనానికి వస్తుంది. నిన్న రాలేదు. ఏడింటికి డెల్మార్ ఆమె పనిచేసే ఈ మ్యూజియం దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. దీపాలు ఆర్పేసి, తలుపుకి తాళం వేసి ఉంది. ఆర్డిస్ కారు మాత్రం మంచు కప్పుకుని అక్కడే ఉంది. ఎనిమిదింటికి షెరీఫ్ వచ్చి, తాళం తీయించి, లోపల పావుగంట తిరిగి బయటికొచ్చి, ఎవరూ లేరు, ఇంటికెళ్లి పడుకోమన్నాడు. డెల్మార్‌ని గుమ్మం దాటనివ్వలేదు.

డెల్మార్ పడుకోలేదు. అతనికి ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి పదిహేనేళ్ల ఆర్డిస్ చదువు మానేసి తమ్ముణ్ణి పెంచింది. ఆ అక్కకి ఏమైనా అయితే తను ఎవరికోసం బతకాలో కూడా అతనికి తెలియదు. రాత్రంతా ఊళ్లో ప్రతి తలుపూ తట్టి, తెల్లారేసరికి గొంతు బొంగురు చేసుకున్నాడు.

"చూడ్డం అయిందా?" అన్నాడు వెనకనుంచి షెరీఫ్ గేలెన్ ప్రిట్చర్డ్.

ఇద్దరూ ఒకే ఏడాది పోలీసు ఉద్యోగంలో చేరారు. తొమ్మిదేళ్ల కిందట షెరీఫ్ ఎన్నికలో ఒకరిమీద ఒకరు నిలబడ్డారు. నలభై ఒక్క ఓట్లతో గేలెన్ గెలిచాడు. డెల్మార్ ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్నాడు. ఆ నలభై ఒక్క ఓట్లనీ గేలెన్ ఇప్పటికీ జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టే మాట్లాడతాడు.

"కోటు లేకుండా ఎక్కడికి పోతుంది గేలెన్?"

"వేడి చేసిన కారు గుమ్మం ముందు ఆగితే నాలుగడుగులే కదా. కోటు వదిలేసి పోతే నీలాంటివాడు ఇక్కడే నిలబడి ఏడుస్తాడని ఆవిడకి తెలుసు."

"ఎందుకు పోతుంది?"

"రా, చూపిస్తాను. ఏదీ ముట్టుకోకు."

హాల్లో మూడో గాజుపెట్టె ఖాళీగా ఉంది. నల్లటి గుడ్డ మీద వెలిసిపోని చోటు ఒకటి, సంచి ఆకారంలో. డకోటా తెగ ఆదివాసీ స్త్రీ ఒకతె నూట నలభై ఏళ్ల కిందట పూసలతో కుట్టిన సంచి అది. శుక్రవారం దాన్ని ఆమె మునిమనవరాలు డెలోరా ఐరన్‌షీల్డ్‌కి తిరిగి అప్పగించాలి. డెలోరాకి ఎనభై ఒకటి. ఆ అప్పగింత కోసం ఆర్డిస్ అయిదేళ్లపాటు ఉత్తరాలు రాసింది, ఊళ్లో సగంమందితో మాటలు పడింది.

"సంచీ లేదు, మీ అక్కా లేదు," అన్నాడు గేలెన్. "ఇలాంటివి కొనేవాళ్లు దేశమంతా ఉన్నారు. లెక్క సరిపోయింది."

"ఇచ్చెయ్యాలని అయిదేళ్లు కొట్లాడి, ఇచ్చే వారంలో ఎత్తుకుపోతుందా?"

"చేతిదాకా వచ్చాక మనసు మారుతుంది."

డెల్మార్ గాజుపెట్టె చుట్టూ తిరిగాడు. తాళం వేసే ఉంది. తాళంచెవి గోడమీద దాని మేకుకే ఉంది.

"దొంగ పెట్టె తెరిచి, సంచీ తీసి, మళ్లీ తాళం వేసి, తాళంచెవి మేకుకి తగిలించి పోయిందా? బాగుంది. మరి చీటీ ఏది?"

"ఏం చీటీ?"

"ఇక్కడ ఏ వస్తువు పెట్టెలోంచి తీసినా దాని చోట్లో తెల్ల చీటీ పెడతారు. ఎవరు తీశారు, ఎన్నింటికి, ఏ గదికి. దుమ్ము దులపడానికి తీసినా అక్క చీటీ పెడుతుంది."

గేలెన్ పకపకా నవ్వాడు. "దొంగతనానికి కూడా చీటీ రాయాలా?"

"దొంగ రాయదు. మా అక్క రాస్తుంది. రాసింది. ఎవరో తీసేశారు."

గేలెన్ నవ్వు ఆగింది గానీ ఒప్పుకోలేదు. "నీకు పది గంటల దాకా టైమిస్తున్నాను. ఆ తరవాత మీ అక్క పేరు రాష్ట్రమంతా దొంగల జాబితాలో పంపిస్తాను. నువ్వు బయటికి నడు."

అప్పటికి తొమ్మిదీ ఇరవై అయిదు.

ముందు బల్ల దగ్గర మిర్నా సేథర్ కాఫీ పోస్తోంది. డెబ్బై తొమ్మిదేళ్లు. మూడో తరగతిలో డెల్మార్‌కీ గేలెన్‌కీ కూడా ఎక్కాలు నేర్పింది ఆవిడే. పందొమ్మిదేళ్లుగా మ్యూజియంలో జీతం లేని పని చేస్తోంది. పళ్లెంలో నిమ్మకాయ మిఠాయి ముక్కలు వరసగా సర్ది ఉన్నాయి. ఈ కౌంటీలో చావొచ్చినా పెళ్లొచ్చినా ముందు ఆ పళ్లెం వస్తుంది.

"తిను డెల్మార్. ముఖం పీక్కుపోయింది."

"టీచర్‌గారూ, నిన్న మీరు ఎన్నింటికి వెళ్లారు?"

"నాలుగింటికి. గేలెన్‌కి చెప్పాను కదా. ఆర్డిస్ తన బల్ల దగ్గర ఉంది. రేపు కలుద్దాం అంది."

"సోమవారం జనానికి సెలవు. లోపల ఇంకెవరున్నారు?"

"ఓర్విల్. గడియారాలకి కీ ఇచ్చి మూడూ నలభైకి వెళ్లిపోయాడు. ఆ తరవాత మేమిద్దరమే."

"ఏయే గదులు తెరిచి ఉన్నాయి?"

"పాత బడి గది, డాక్టరు గది, టెలిఫోను గది."

"ఖజానా గది?"

ఈ మ్యూజియం ఒకప్పుడు బ్యాంకు. హాలు చివర ఉక్కు తలుపుతో ఖజానా గది ఇంకా ఉంది.

మిర్నా పళ్లెంలో ఒక ముక్కని సరిచేసింది. "చలికాలం మూసే ఉంచుతాం. అక్టోబరు నుంచి తెరవలేదు."

"చాల్లేవయ్యా," అన్నాడు గేలెన్. "ఆవిడ ఎదుట నీ పోలీసు భాష ఏమిటి? నువ్వు ఎక్కం తప్పితే గోడకుర్చీ వేయించిన మనిషి."

డెల్మార్ కాఫీ కప్పు అందుకున్నాడు. అతనికి ఆవిడని అనుమానించడానికి మనసొప్పలేదు. అదీ నిజమే. చిన్నప్పుడు ఆకలేస్తుంటే తన డబ్బాలోంచి రొట్టె పెట్టిన టీచరుని ఎవరనుమానిస్తారు?

అప్పుడే ఓర్విల్ స్టెనరూడ్ వచ్చి చేతికర్ర గోడకి ఆనించాడు. ఎనభై మూడేళ్లు, యాభై ఏళ్లు గడియారాల దుకాణం నడిపి మూసేసినవాడు. నవంబరులో ఇక్కడ చేరాడు. అప్పటివరకూ మ్యూజియంలో గడియారాలన్నీ ఆగిపోయి ఉండేవి. ఇప్పుడు అన్నీ నడుస్తున్నాయి.

"నన్నడుగు అబ్బాయ్. నిన్న నేను ఒంటిగంటకి వచ్చాను. వరసగా అన్నిటికీ కీ ఇచ్చుకుంటూ పోయాను. బడి గదిలో రెండు, డాక్టరు గదిలో ఒకటి, హాల్లో నాలుగు..."

"మొత్తం పద్నాలుగు. మా అక్క చెప్తుండేది."

"పదిహేడు," అన్నాడు ముసలాయన గర్వంగా. "నిన్న కొత్తవి మూడు దొరికాయి. ఎన్నేళ్లనుంచి ఆగిపోయాయో పాపం. నూనె చుక్క వేసి కీ ఇస్తే మూడూ బతికాయి. చిన్నవే, జేబుగడియారాలంత. అద్దం వెనక ఒకదాని పక్కన ఒకటి."

"ఎక్కడ?"

"అదే, ఖజానా తలుపుకి. లోపలివైపు."

డెల్మార్ చేతిలో కాఫీ కప్పు కదలకుండా ఆగిపోయింది.

"లోపలివైపా?"

"లోపలివైపే. తలుపు బార్లా తెరిచి, కింద చెక్కముక్క అడ్డం పెట్టి ఉంది. లేకపోతే నాకెలా అందుతాయి? మూడుంబావు అయింది అప్పుడు."

డెల్మార్ మిర్నా వైపు చూశాడు. ఆవిడ పళ్లెం వైపు చూస్తోంది.

"అక్టోబరు నుంచి తెరవలేదన్నారు టీచర్‌గారూ."

"మర్చిపోయి ఉంటాను. ఈ వయసులో..."

డెల్మార్ బల్లమీద ఉన్న వాలంటీర్ల పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. జీతం లేకుండా పనిచేసేవాళ్లు ఎన్నింటికి వచ్చిందీ ఎన్నింటికి వెళ్లిందీ అందులో రాయాలి. ఆ గంటలు చూపిస్తేనే మ్యూజియానికి రాష్ట్రం సాయం చేస్తుంది. పుస్తకం మిర్నా కాపలాలో ఉంటుంది. అయిదు నిమిషాలు ఎక్కువ రాసినా పిలిచి చివాట్లు పెడుతుంది, పాస్టరుగారినైనా సరే.

సోమవారం పేజీ. ఓర్విల్ వెళ్లింది మూడూ నలభై. మిర్నా వెళ్లింది నాలుగూ నలభై అయిదు. మంగళవారం పేజీ. మిర్నా వచ్చింది ఉదయం ఆరూ యాభై. అన్నీ ఆవిడ చేతిరాతే, ముత్యాల్లాంటి అక్షరాలు.

నోటితో అబద్ధం చెప్పగలిగింది. పుస్తకంలో రాయలేకపోయింది. పందొమ్మిదేళ్ల అలవాటు ఆవిడ చేతిని పట్టుకుని నిజం రాయించింది.

"నాలుగింటికి వెళ్లానన్నారు. పుస్తకంలో ముప్పావుగంట ఎక్కువుంది. ఈ ఉదయం తొమ్మిదిన్నరకి తెరిచే మ్యూజియానికి ఏడు కాకముందే వచ్చారు. ఏం చేశారు?"

గేలెన్ పుస్తకం లాక్కుని చదివాడు.

మిర్నా జవాబు కోసం డెల్మార్ ఆగలేదు. హాలు చివరికి పరిగెత్తాడు.

ఉక్కు తలుపు మూసి ఉంది. మధ్యలో అంకెల బిళ్ల, దాని కింద అయిదు పుల్లల చక్రం. అడ్డం పెట్టే చెక్కముక్క పక్కన గోడవారగా పడి ఉంది. బిళ్ల మీద పట్టిన దుమ్ములో వేళ్ల జాడలు. ఒకసారి తిప్పినవి కావు, పదే పదే తిప్పినవి.

"ఆ గడియారాలు ఏమిటో తెలుసా ఓర్విల్ గారూ?" వెనకే వచ్చిన ముసలాయన వైపు తిరిగాడు డెల్మార్. "అవి టైము చూడ్డానికి కాదు. తాళం అవి. రాత్రి మేనేజరుని ఇంట్లోంచి ఎత్తుకొచ్చి తుపాకీ పెట్టి తలుపు తీయమంటారని పాత బ్యాంకులవాళ్లు పెట్టించుకునేవాళ్లు. ఆ కీ అయిపోయేదాకా సరైన అంకెలు తిప్పినా తలుపు రాదు. ఎంత కీ ఇచ్చారు?"

ముసలాయన తలుపుకేసి చూశాడు. "నిండా. సగం కీ ఇచ్చి వదలడం నాకు చేతకాదు నాయనా. డెబ్బై రెండు అని రాసుంది మీద. అది కంపెనీ నంబరనుకున్నాను."

"డెబ్బై రెండు గంటలు. గురువారం మధ్యాహ్నం మూడుంబావు దాకా."

"ఆగిపోయిన గడియారం కనబడితే నా చెయ్యి ఊరుకోదు," అన్నాడు ఓర్విల్, ఎవరికీ కాకుండా. వెళ్లి పాత బడి బెంచీ మీద కూలబడ్డాడు.

గేలెన్ మిర్నాని చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. ఆవిడ ఏడవడం లేదు. ఆప్రాన్ జేబులోంచి మడిచిన తెల్ల చీటీ తీసి డెల్మార్ చేతిలో పెట్టింది. అక్క రాత. పూసల సంచి, సోమవారం మూడూ యాభై, ఖజానా గదికి.

"మా తాతగారు ఇచ్చిన సంచీ అది," అంది. "ఎనభై ఏళ్లకి పైగా ఆ పెట్టె మీద మా ఇంటిపేరు ఉంది. మా తాత దాన్ని కొనలేదని, తీసేసుకున్నాడని ఆర్డిస్ శుక్రవారం అందరి ముందూ చదువుతుందట. ఆ కాగితం నాకే ముందు చూపించింది. బతిమాలాను. వినలేదు."

"అందుకని తలుపు మూశారా?"

"ఒక్క గంట. నాలుగున్నరకి మూశాను. చీకట్లో ఒక్క గంట కూచుంటే ఆ ఒక్క ముక్క తీసేస్తానంటుందనుకున్నాను. అంకెలు నాకు తెలుసు కదా. పది నిమిషాలకే బుద్ధొచ్చింది, తీద్దామని తిప్పాను. రాలేదు. మళ్లీ తిప్పాను. తెల్లారి వచ్చి మళ్లీ తిప్పాను."

"రాత్రి ఎనిమిదింటికి నేను వచ్చినప్పుడు," అన్నాడు గేలెన్ మెల్లిగా, "మీరే నాకు తలుపు తీశారు. ఈ ఖజానా ముందునుంచే నన్ను తీసుకెళ్లారు."

"నోరు రాలేదు గేలెన్. తరవాత ఇంకా రాలేదు."

డెల్మార్‌కి ఆవిడని కొట్టాలనిపించింది. నిజంగా అనిపించింది. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. తరవాత గేలెన్ నడుముకున్న టార్చిలైటు లాక్కుని దాని అడుగుతో తలుపు మీద గట్టిగా మూడుసార్లు కొట్టి, చల్లటి ఉక్కుకి చెవి ఆనించాడు.

ఏమీ లేదు.

మళ్లీ కొట్టాడు. అతని గుండె చప్పుడే అతనికి వినిపిస్తోంది. పక్కన గేలెన్ టోపీ తీసేశాడు.

ఠక్. చాలా దూరంనుంచి వచ్చినట్టు. ఠక్. ఠక్.

"ఉంది," అన్నాడు. అతనికి తెలియకుండానే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "అక్క ఉంది గేలెన్. బతికే ఉంది."

పదీ అయిదు. గేలెన్ దొంగల జాబితా ఊసెత్తలేదు. ఫార్గోలో ఖజానా తాళాలు తెరిచే వెండెల్‌కి తనే ఫోన్ చేసి, అందరికీ వినబడేట్టు పెట్టాడు.

"మంచు దారి, మూడున్నర గంటలు పడుతుంది," అంది వెండెల్ గొంతు. "తొలచడానికి రెండు గంటలు. మూడున్నరకి తలుపు తీస్తాను. గది ఎంత?"

డెల్మార్ గోడమీది బోర్డు చదివాడు. "పొడుగు పది అడుగులు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఎనిమిది. నిన్న నాలుగున్నర నుంచి."

అవతల కాసేపు లెక్క. "మనిషి కదలకుండా కూచుంటే గాలి నలభై గంటలు వస్తుంది. అంటే రేపు పొద్దున ఎనిమిదిన్నర. కంగారుపడకండి, బోలెడు టైముంది. నేను బయల్దేరుతున్నాను."

డెల్మార్ తలుపుకి చేరగిలబడి కింద కూర్చుండిపోయాడు. గేలెన్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"నిన్న రాత్రి నిన్ను లోపలికి రానివ్వాల్సింది," అన్నాడు.

"రానివ్వాల్సింది."

"నలభై ఒక్క ఓట్లు వెధవ పని చేయిస్తాయి."

డెల్మార్ ఏదో అనబోయేంతలో ఫోన్లోంచి వెండెల్ మళ్లీ పలికాడు. "ఒక్క మాట. లోపల ఒక్కరే కదా?"

"ఒక్కరే."

"మీరనుకోవడం కాదు. లోపలి మనిషిని అడగండి. నేను ప్రతిచోటా అడిగిస్తాను."

డెల్మార్ లేచి తలుపుకి నోరు ఆనించి గొంతు చించుకుని అరిచాడు. అవునంటే ఒక దెబ్బ, కాదంటే రెండు. విన్నావా అక్కా? ఒక దెబ్బ.

"నీకు దెబ్బలేమైనా తగిలాయా?"

రెండు.

"లోపల నువ్వొక్కదానివేనా?"

ఠక్. డెల్మార్ చెవి తీయబోయాడు. ఠక్.

తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగాడు, మాట మార్చి. "నీతో ఇంకెవరైనా ఉన్నారా?"

ఒక్కటే దెబ్బ.

"అబద్ధం," అంది మిర్నా. "నేను చూశాను. బల్ల ముందు అటు తిరిగి కూచునుంది, ఒక్కతే."

"అరల వెనక చూశారా?"

ఆవిడ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

డెల్మార్ బుర్ర పరుగెత్తింది. సోమవారం, జనం లేని రోజు. అక్క చీటీ రాసి సంచీని ఖజానా గదిలోకి తీసుకెళ్లింది. దులపడానికైతే అంత లోపలికి ఎందుకు? శుక్రవారం ఫోటోలు, ఉపన్యాసాలు, జనం. అంతకుముందు ఒక్కసారి, ఎవరూ చూడకుండా, దాన్ని ఒళ్లో పెట్టుకోవాలనుకునే మనిషి ఒకతె ఉంది. అక్క ఆమెని వెనక తలుపులోంచి తీసుకొచ్చి ఉంటుంది. అడిగితే అక్క కాదనదు.

"అక్కా, డెలోరాగారా?"

ఒక దెబ్బ.

గేలెన్ గోడ పట్టుకున్నాడు. "ఎనభై ఒక్కేళ్లు ఆవిడకి. ఊరికి దూరంగా ఒక్కతే ఉంటుంది. అందుకే కనబడలేదని ఎవరూ ఫోన్ చెయ్యలేదు."

"ఆవిడకి మెలకువ ఉందా అక్కా?"

ఈసారి జవాబు వెంటనే రాలేదు. డెల్మార్ చెవి ఉక్కుకి అతుక్కుపోతోంది. చాలాసేపటికి వచ్చాయి, బలం లేని రెండు దెబ్బలు.

"విన్నావా వెండెల్?" అన్నాడు గేలెన్ ఫోన్లోకి.

"విన్నాను." అవతల కారు తలుపు వేసిన చప్పుడు. "ఇద్దరైతే ఇరవై గంటలు. అంటే ఇవాళ పన్నెండున్నర. షెరీఫ్‌గారూ, నేను ఎంత తొక్కినా మీ ఊరికి ఒకటిన్నరకి గానీ చేరలేను."

మ్యూజియంలో పదిన్నర కొట్టింది, పద్నాలుగు చోట్ల.

"తలుపుతో పనిలేదు," అన్నాడు గేలెన్. రేడియో తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అగ్నిమాపక దళం మొత్తాన్ని పిలుస్తాను. ఊళ్లో ప్రతి రైతు దగ్గరా గోడ తొలిచే యంత్రం ఏదో ఒకటుంటుంది. వెనక గోడ పగలగొడదాం. రెండు గంటలున్నాయి, చాలు. టీచర్‌గారూ, ఈ గోడ గురించి మీకు తెలిసింది చెప్పండి. ఇటుకేనా? మందం ఎంత?"

మిర్నా సేథర్ నిటారుగా నిలబడింది. బడిపిల్లల గుంపు ఎదురుగా ఉన్నట్టు చేతులు ముందు కట్టుకుంది. ఆవిడ గొంతు కూడా మారిపోయింది.

"గోడ మందం ఇరవై ఆరు అంగుళాలు. బయటా లోపలా ఇటుక, మధ్యలో కాంక్రీటు. ఆ కాంక్రీటులో నిలువునా అడ్డంగా రైలు పట్టాలు పరిచారు, జానెడు జానెడు దూరంలో. కట్టిన కొత్తలో దొంగలు ఒకసారి వెనకనుంచి తవ్వారు. రెండు రాత్రులు తవ్వినా..."

ఆవిడ ఆగిపోయింది.

"రెండు రాత్రులు తవ్వినా?" అన్నాడు డెల్మార్.

"చెయ్యి పట్టేంత కన్నం కూడా పడలేదు," అంది మిర్నా. "పందొమ్మిదేళ్లుగా పిల్లలకి చెప్తున్నాను. కథ ఇక్కడికి రాగానే వాళ్లందరూ చప్పట్లు కొడతారు."

తలుపు అవతలనుంచి ఎవరూ అడక్కుండానే ఒక దెబ్బ వినబడింది. డెల్మార్ దానికి ఏమని జవాబు కొట్టాలో తెలియక, టార్చిలైటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.